హాడ్జెస్ మంచు సముద్రం చిత్రం (1773): కళ్లతో చూసింది ఎంత, బల్ల మీద కూర్చింది ఎంత?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. విలియం హాడ్జెస్ వేసిన ‘రిజల్యూషన్’, ‘అడ్వెంచర్’ ఓడల చిత్రంలో నావికులు పడవల్లో వెళ్లి తాగునీటి కోసం ఐసు ముక్కలు ఏరుకుంటున్నారు. ఉప్పు సముద్రంలో అది నిజంగా సాధ్యమా? చిత్రకారుడు అక్కడ ఉండి చూసి వేశాడా, లండన్‌లో కూర్చుని ఊహించాడా? అదే దృశ్యాన్ని మీరు ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాది ప్రాజెక్టుగా పెద్ద కాన్వాస్ మీద ఆయిల్‌లో వేయాలనుకుంటున్నారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? నేను చాలా ఏళ్లు వ్యాపార నౌకల్లో డెక్ ఆఫీసరుగా పనిచేశాను. ఇప్పుడు ఓడల బొమ్మలు వేస్తున్నాను. ఈ చిత్రమంటే నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఐసు ఏరడం నిజంగా జరిగింది. హాడ్జెస్ అక్కడే ఉన్నాడు, కళ్లారా చూశాడు. అయితే చిత్రంలో కనిపిస్తున్న కోణం నుంచి, ఆ క్షణంలోనే, ఉన్నది ఉన్నట్టు వేశాడని మాత్రం నేను అనుకోను. విడివిడిగా చూసినవాటిని తర్వాత ఒకచోట కూర్చాడు. ఈ తేడా మీకు పట్టుబడితే మీ కాన్వాస్ మీద ఏది మార్చవచ్చో, ఏది ముట్టుకోకూడదో మీకే తెలుస్తుంది.

ఇది కెప్టెన్ జేమ్స్ కుక్ రెండో సముద్రయాత్ర. 1772 జూలై 13న ప్లిమత్‌లో బయలుదేరి, 1775 జూలై చివర్లో తిరిగొచ్చారు. దక్షిణాన పెద్ద ఖండం ఒకటుందని యూరప్‌లో చాలామంది నమ్మేవారు. అది ఉందో లేదో తేల్చడమే పని. మొదట చిత్రకారుడిగా వెళ్లాల్సింది హాడ్జెస్ కాదు. సంపన్నుడైన ప్రకృతి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ తన బృందంతో, జోహాన్ జోఫనీ అనే పేరున్న చిత్రకారుడితో బయలుదేరాలనుకున్నాడు. ఆ బృందం కోసం రిజల్యూషన్ మీద అదనంగా గదులు, ఇంకో డెక్కు కట్టారు. దాంతో ఓడ పైబరువై ఒరిగిపోయే పరిస్థితి వచ్చింది. కట్టినవన్నీ పీకేయాల్సి వచ్చింది, బ్యాంక్స్ అలిగి తప్పుకున్నాడు. అలా రిచర్డ్ విల్సన్ శిష్యుడు, అప్పటికి ముప్పై కూడా నిండని హాడ్జెస్‌కు ఈ అవకాశం దక్కింది. అతను నేర్చుకున్నది నేల మీది దృశ్యాలు వేయడం. సముద్రం సంగతి ఓడ మీదే నేర్చుకోవాల్సి వచ్చింది.

నవంబరులో కేప్ టౌన్ వదిలారు. డిసెంబరు 10న మొదటి మంచు కొండ కనబడింది. కుక్ వాటిని ‘మంచు దీవులు’ అనేవాడు. నాకూ ఆ మాటే బాగుంటుంది. 1773 జనవరి 17న అంటార్కిటిక్ వృత్తం దాటారు. మనకు దొరుకుతున్న రికార్డుల్లో ఆ గీత దాటిన మొదటి ఓడలు ఇవే. మీరు చూసిన చిత్రం దానికి కొద్ది రోజుల ముందుది, 61 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గరిది. అసలు ప్రతి సిడ్నీలోని స్టేట్ లైబ్రరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది. దాని శీర్షికలో తేదీ జనవరి 4 అని ఉంటుంది. కుక్ తన కథనంలో ఐసు ఎక్కించుకున్న సంగతి జనవరి 9 కింద చెబుతాడు. 1777లో అచ్చయిన కుక్ గ్రంథంలో హాడ్జెస్ బొమ్మ ఆధారంగా చెక్కిన ప్లేటు మీద కూడా 9 అనే ఉంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో తేదీ రాసేటప్పుడు రెండూ ప్రస్తావించండి. ఒక్కటే రాస్తే పరీక్షకుడు రెండోది చూపించి అడుగుతాడు.

ఇక నీటి సంగతి. సముద్రపు నీరు సుమారు సున్నాకు 1.8 డిగ్రీల కింద గడ్డకడుతుంది. అలా కొత్తగా గట్టిపడిన పలకలో ఉప్పునీరు సన్నటి గూళ్లలో చిక్కుకుని ఉంటుంది, అందుకే అది తాగడానికి పనికిరాదు. మంచు కొండ కథ వేరు. అది సముద్రంలో పుట్టింది కాదు. నేల మీద ఏళ్ల తరబడి కురిసిన మంచు అదిమి అదిమి గట్టిపడి, హిమానీనదంగా తీరానికి జారి, విరిగి నీళ్లలో పడుతుంది. అంటే అది వాన నీటి లాంటిదే, ఉప్పు ఉండదు. ఆ రోజుల్లో సముద్రపు నీరు అసలు గడ్డకట్టదని చదువుకున్నవాళ్లలోనే చాలామంది వాదించేవారు. మంచు కనబడిందంటే దగ్గర్లో నేల, నదులు ఉండాలనేవారు. కాబట్టి ఈ పడవల పని దాహం తీర్చుకోవడానికే కాదు, పెద్ద శాస్త్ర వివాదానికి సాక్ష్యం కూడా.

పని ఎలా జరిగిందంటే, మంచు దీవి చుట్టూ విరిగి తేలుతున్న ముక్కల దగ్గరికి మూడు పడవలు దింపారు. ఐదారు గంటల్లో తెచ్చిన ఐసు కరిగితే 15 టన్నుల మంచినీళ్లయ్యాయి. ముక్కల్ని ముందు డెక్కు మీద పోసి, పైన అంటిన సముద్రపు నీరు కారిపోనిచ్చేవారు. తర్వాత కొన్నిటిని పగలగొట్టి వంటశాల రాగి కాగుల్లో కరిగించేవారు, మిగతావి పీపాల్లో నింపేవారు. కరిగించడం కొంచెం విసుగు పని అన్నాడు కానీ, నీళ్లు నింపుకోవడానికి ఇంతకన్నా చురుకైన పద్ధతి తను ఎక్కడా చూడలేదని కుక్ రాసుకున్నాడు. మామూలుగా నీళ్ల కోసం ఓడ తీరం చేరాలి, లంగరు వేయాలి, వాగు వెతకాలి, పీపాలు దొర్లించుకుంటూ తేవాలి. తీరమే లేని చోట 15 టన్నుల నీళ్లు దొరికాయంటే ఇంకొన్ని వారాలు దక్షిణాన తిరగవచ్చన్నమాట. ఆ తర్వాత మార్చి చివర్లో న్యూజిలాండ్ డస్కీ బే చేరేదాకా రిజల్యూషన్‌కు నేల కనబడలేదు. కుక్ లెక్కలో నేల కనబడకుండా గడిచినవి 117 రోజులు. చిత్రం మధ్యలో చిన్నగా కనబడే ఆ పడవలు లేకపోతే యాత్ర అంత దూరం సాగేది కాదు. మీరు వేసేటప్పుడు వాటిని అలంకారంగా మూలకి నెట్టవద్దు.

పడవలు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను. దీవి పాదం దగ్గర అంటుకుని పెట్టకండి. మంచు కొండలో పైకి కనబడేది ఎనిమిదో వంతో పదో వంతో ఉంటుంది, మిగతాదంతా నీళ్ల కింద. కింద కరిగేకొద్దీ బరువు సర్దుకోక ఉన్నట్టుండి తిరగబడుతుంది. 1773 ఫిబ్రవరిలో అదే జరిగింది. వీళ్ల పడవలు దగ్గర్లో ఐసు ఏరుతుండగా, చుట్టుకొలత అరమైలు, ఎత్తు మూడు నాలుగు వందల అడుగులున్న దీవి ఒకటి దాదాపు తలకిందులైంది. విరిగిన ముక్కలు కూడా దీవి చుట్టూ సమానంగా తేలవు. దీవి లోతుగా మునిగి ఉంటుంది కాబట్టి ప్రవాహంతో పోతుంది. చిన్న ముక్కల్ని గాలి తోస్తుంది. అందుకే అవి గాలి పోయే వైపు తోకలాగా పరుచుకుంటాయి. ఈ రోజుకీ ఓడలు మంచు కొండను గాలి వచ్చే వైపు నుంచే దాటాలని మాకు నేర్పేది ఇందుకే. కాబట్టి ముందు గాలి ఎటునుంచో నిర్ణయించుకోండి. ముక్కలు, పడవలు, ఓడలు అన్నీ దాన్ని బట్టి కుదురుతాయి.

రెండో ప్రశ్నకు వస్తాను. హాడ్జెస్ ఉన్నది రిజల్యూషన్ మీద. చిత్రంలో రిజల్యూషన్, అడ్వెంచర్ రెండూ బయటనుంచి కనిపిస్తున్నాయి. మరి చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డాడు? పడవలో కూర్చున్నాడని ఒక ఊహ చేయవచ్చు. కానీ ఐసు బరువుతో నిండుతూ, అలల మీద ఊగుతున్న పడవలో కాగితం తడవకుండా వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన పలుచటి రంగు) వేయడం ఎంత కష్టమో పడవ ఎక్కినవాళ్లకు తెలుస్తుంది. పైగా అక్కడి పడవ ప్రయాణాలు సరదా షికార్లు కావు. అంతకుముందు డిసెంబరులోనే యాత్రలోని ప్రకృతి శాస్త్రజ్ఞుడు యోహాన్ ఫోర్‌స్టర్, ఖగోళ పరిశీలకుడు విలియం వేల్స్ నీటి ఉష్ణోగ్రత కొలవడానికి చిన్న పడవలో దిగి పొగమంచులో దారి తప్పారు. అడ్వెంచర్ గంట చప్పుడు వినబడబట్టి బతికి బయటపడ్డారు. నా అభిప్రాయంలో హాడ్జెస్ డెక్కు మీదనుంచి, వెనక క్యాబిన్ కిటికీలోంచి మంచు దీవుల ఆకారాలు, అడ్వెంచర్ తెరచాపలు, పడవలు వేర్వేరుగా గీసుకున్నాడు. తన ఓడ బయటికి ఎలా ఉంటుందో అతనికి అప్పటికే బాగా తెలుసు. వీటన్నిటినీ బల్ల మీద కూర్చాడు. అందుకే ఇందులో ప్రతి ముక్కా నిజం, అమరిక మాత్రం అతనిది. సముద్ర చిత్రాల్లో ఇది మోసం కాదు, ఇదే పద్ధతి.

తేదీలు, నీటి లెక్కలు కుక్ రాసుకున్నాడు. కానీ మంచు అందం దగ్గర ఆయన కలం ఆగిపోయింది. ఫిబ్రవరి 24 కింద ఆయన రాసిన సంగతి ప్రతి సముద్ర చిత్రకారుడూ చదవాలి. దీవుల వల్ల ప్రమాదం ఎంత ఉన్నా, అలలు వాటి మీద విరుచుకుపడే దృశ్యం, వాటి గుహలు, వింత ఆకారాలు చూస్తే మనసు ఒకేసారి ఆశ్చర్యంతో, భయంతో నిండిపోతుందనీ, దాన్ని సమర్థుడైన చిత్రకారుడి కుంచె మాత్రమే చెప్పగలదనీ రాశాడు. మాటలు పొదుపుగా వాడే యార్క్‌షైర్ నావికుడి నుంచి వచ్చిన మాట ఇది. హాడ్జెస్ పక్క క్యాబిన్లలోనే ఉన్నాడు కదా, ఆ సవాలు అతనికి సూటిగా తగిలినట్టే.

మరి ఆ సవాలుకు హాడ్జెస్ ఏం చేశాడు? ఇక్కడే నన్ను ఏళ్లుగా వదలని సంగతి ఉంది. తిరిగొచ్చాక అడ్మిరాల్టీ (బ్రిటిష్ నౌకాదళ కార్యాలయం) కోసం అతను వేసిన పెద్ద ఆయిల్ చిత్రాల్లో తాహితీ ఉంది, ఈస్టర్ దీవి ఉంది, న్యూజిలాండ్ దగ్గర నీటి సుడిగాలి ఉంది. దక్షిణ మంచు మీద అలాంటి పెద్ద చిత్రం లేదు. చాలాకాలం అందరూ అతను మంచును కాగితం మీదే వదిలేశాడని అనుకున్నారు. 2004లో గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం హాడ్జెస్ ప్రదర్శన పెట్టిన సందర్భంలో, డస్కీ బేలోని పికర్స్‌గిల్ రేవు చిత్రాన్ని ఎక్స్‌రే తీశారు. పచ్చటి అడవి, ఓడ నుంచి ఒడ్డుకు వంతెనలా వాలిన చెట్టు మాను, దాని మీద నడిచొస్తున్న మనిషి, అదీ పైన కనబడే దృశ్యం. కింద మంచు దీవులు బయటపడ్డాయి. అప్పటి తెల్ల రంగు సీసంతో చేసింది, సీసం ఎక్స్‌రేను అడ్డుకుంటుంది. అందుకే మంచు కోసం మందంగా పూసిన తెలుపు అంత స్పష్టంగా కనిపించింది. అంటార్కిటికా సముద్రాన్ని కళ్లారా చూసిన మనిషి ఆయిల్‌లో వేసిన మొట్టమొదటి చిత్రంగా దాన్ని లెక్కిస్తున్నారు. అది ఇప్పటికీ ఆ అడవి కిందే ఉంది.

ఎందుకు కప్పేశాడు? ఓడ మీద కాన్వాస్ దొరకడం కష్టం, అది ఒక కారణం. నాకు తోచే రెండో కారణం, నాలుగు నెలలు బూడిద రంగు తప్ప చూడని కంటికి డస్కీ బే పచ్చదనం ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. చేతిలో ఉన్న కాన్వాస్ మీద వెంటనే దాన్ని పట్టుకోవాలనిపించి ఉంటుంది. నేను సముద్రం మీద నెలలు గడిపి రేవు చేరినప్పుడల్లా మొదట వెతికింది చెట్టునే. అందుకే హాడ్జెస్‌ను తప్పు పట్టలేను. కానీ ఆ మంచు చిత్రం పూర్తయి ఉంటే మంచు సముద్రాన్ని వేసే సంప్రదాయమే వేరేగా మొదలయ్యేదని గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాత వచ్చిన ప్రసిద్ధ మంచు చిత్రాల్లో చాలావాటిని అక్కడికి వెళ్లనివాళ్లే వేశారు. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1823–24లో వేసిన ‘మంచు సముద్రం’ హాంబర్గ్‌లో ఉంది. ఆయన ధ్రువ ప్రాంతం చూడలేదు. డ్రెస్డెన్‌లో ఎల్బే నది గడ్డకట్టి విరిగినప్పుడు గమనించిన పలకల్ని కొండలంత పెంచాడు. అందుకే అందులోది నది మంచులా పలకలు పలకలుగా, పదునైన అంచులతో ఉంటుంది. ఓడ పక్కకు నలిగిపోయి, దాదాపు కనబడకుండా ఉంటుంది. గొప్ప చిత్రమే, ఐసు మాత్రం వేరే జాతిది. న్యూకాసిల్‌కు చెందిన కార్మైకేల్ 1847లో ‘ఎరిబస్’, ‘టెర్రర్’ ఓడల్ని అంటార్కిటికాలో ఉన్నట్టు వేశాడు. అది జేమ్స్ క్లార్క్ రాస్ 1839–43 యాత్ర దృశ్యం. కార్మైకేల్ అక్కడికి వెళ్లలేదు కానీ ఓడలు కట్టేవాళ్ల మధ్య పెరిగి, కుర్రతనంలో సముద్రం మీద పనిచేసినవాడు. అందుకే అతని తాళ్లూ తెరచాపలూ నమ్మదగ్గవి. ఫ్రీడ్రిక్‌కు ఓడ అక్కర్లేదు, కార్మైకేల్‌కు ఓడే ప్రాణం. హాడ్జెస్‌కు వెలుతురు ముఖ్యం. మీరు ఎవరి దారిలో వెళ్తున్నారో ముందే తేల్చుకోండి.

వెలుతురు గురించి. మీరు పంపిన చిన్న స్కెచ్‌లో దూరపు మంచు కొండల్ని లేత నీలంగా, మసగ్గా వేశారు. మన తూర్పు కనుమల్ని వేసేటప్పుడు అలా వేస్తాం, అక్కడ గాలిలో తేమ, దుమ్ము ఉంటాయి కాబట్టి అది సరైనదే. దక్షిణ సముద్రంలో పొగమంచు లేని రోజు గాలి ఎంత శుభ్రంగా ఉంటుందంటే, చాలా మైళ్ల దూరంలో ఉన్న దీవి అంచు కూడా పక్కనే ఉన్నంత పదునుగా కనిపిస్తుంది. దూరం అంచనా తప్పడానికి కారణం ఇదే. కాబట్టి దూరాన్ని మసకతో చెప్పలేరు, ఓడ పరిమాణంతోనే చెప్పాలి. ముందున్న రిజల్యూషన్ తెరచాప కొయ్యలు, వెనకున్న అడ్వెంచర్ కొయ్యలు, వాటి పక్కన దీవి ఎత్తు, ఈ మూడూ కుదిరితే కన్ను దూరాన్ని దానంతట అదే నమ్ముతుంది. పొగమంచు ఉన్న రోజు వేస్తే అంతా మారుతుంది, నీడలు దాదాపు ఉండవు. రెండు రోజుల్నీ ఒకే కాన్వాస్‌లో కలపకండి.

మంచు తెల్లగా ఉంటుందనుకుని ట్యూబులోంచి తెలుపు తీసి పూయకండి. గాలి బుడగలు నిండిన పై భాగం తెలుపు. అలలు కడిగి, బుడగలు లేని దట్టమైన ఐసు బయటపడ్డ చోట, అంటే నీటి గీత దగ్గర, గుహల్లో, పగుళ్లలో, నీలం పలుకుతుంది. దట్టమైన ఐసు ఎరుపును మింగి నీలాన్ని వదులుతుంది. యాత్రలో ఉన్న కుర్ర శాస్త్రజ్ఞుడు, యోహాన్ కొడుకు గేయోర్గ్ ఫోర్‌స్టర్ ఆ నీటి అంచు రంగును నీలమణితో పోల్చాడు. అతను కూడా మంచు దీవుల్ని వేశాడు, మంచు మీది వెలుగు మబ్బుల అడుగున తిరిగి తెల్లగా మెరవడాన్ని పట్టుకున్న బొమ్మ అతనిదే. దాన్ని హాడ్జెస్ చిత్రం పక్కన పెట్టి చూడండి. ఆకాశం అడుగున ఆ తెల్లటి పట్టీ ఉంటే దిగంతం అవతల ఐసు పరుచుకుని ఉందని నావికులు చదువుకుంటారు. అక్కడ చీకటి పట్టీ ఉంటే ఐసు లేని నీరు. మీ ఆకాశం ఈ రెండిటిలో ఏదో ఒకటి చెప్పాలి.

ఓడల దగ్గర జాగ్రత్తలు. రిజల్యూషన్ 462 టన్నుల ఓడ, విట్బీలో బొగ్గు మోయడానికి కట్టింది. ముక్కు మొద్దుగా, పొట్ట వెడల్పుగా ఉంటుంది. యుద్ధనౌకలా సన్నగా, నాజూగ్గా గీయకండి. ఐసు మధ్యన ఇన్ని నెలలు నిలబడిందంటే ఆ మొద్దు ఆకారం, లోపల సరుకు పట్టే విశాలం వల్లే. పడవలు పనిలో ఉన్నప్పుడు ఓడ నిండు తెరచాపలతో పరుగెత్తదు. నడిమి కొయ్య మీది తెరచాపను గాలి ముందునుంచి తగిలేలా తిప్పి, మిగతావి ముందుకు లాగుతుంటే ఇది వెనక్కి తోసేలా చేసి, ఓడను ఉన్నచోట నిలుపుతారు. అందుకని ఆ చాప కొయ్యకు అతుక్కుని కనబడాలి, మిగతావి ఉబ్బి ఉండాలి. చూసేవాళ్లలో నూటికి ఒకరే పసిగడతారేమో, కానీ ఆ ఒక్క వివరంతో ఓడ ఆగి ఉందని అందరికీ తెలియకుండానే తెలుస్తుంది. గుడ్డ రంగు కూడా చూసుకోండి, అవిసె నారతో నేసిన తెరచాప మంచు పక్కన మురికి గోధుమ రంగులో కనిపిస్తుంది. ఈ కాంట్రాస్టే మంచును తెల్లగా చేస్తుంది. గట్టి చలిలో తాళ్లు తీగల్లా, చాపలు లోహపు రేకుల్లా బిగుసుకుపోయాయని కుక్ ఆ మరుసటి డిసెంబరులో రాశాడు. మెత్తటి మడతలు గీసే అలవాటు ఉంటే ఇక్కడ మానేయండి.

జెండాల్లో రెండు పొరపాట్లు తరచూ చూస్తాను. గాలి వెనకనుంచి వీస్తూ చాపలు ముందుకు ఉబ్బితే జెండా కూడా ముందుకే ఎగురుతుంది. చాలామంది కారు మీది జెండాలా వెనక్కి ఎగరేస్తారు. రెండోది, ఇవాళ్టి బ్రిటిష్ జెండాలోని ఐర్లండ్ ఏటవాలు ఎర్ర గీతలు 1801లో చేరాయి. 1773 ఓడ మీద అవి ఉండకూడదు.

హాడ్జెస్ పని అచ్చులో కాకుండా కళ్లతో చూడాలనుకుంటే సిడ్నీ, గ్రీనిచ్ వెళ్లనక్కర్లేదు. 1780లో అతను మద్రాసులో దిగాడు. ఆ ఏడాదే హైదర్ అలీ కర్ణాటక (అప్పటి ఆర్కాటు నవాబు రాజ్యం) మీదికి దండెత్తాడు, పైగా హాడ్జెస్ ఆరోగ్యం దెబ్బతింది. తర్వాత బెంగాల్ వెళ్లి, వారెన్ హేస్టింగ్స్ ఆదరణలో 1783 దాకా ఉత్తర భారతమంతా తిరిగి వేశాడు. కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో అతని ఆయిల్ చిత్రాలున్నాయి. వాటిలో ఆకాశాన్ని, తడి గాలిలో కరిగిపోయే వెలుతురును చూడండి. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే వెలుతురు పుడుతుందో అతను మంచు సముద్రంలోనే సాధన చేశాడని నా నమ్మకం.

ఇప్పుడు పెద్ద కాన్వాస్ మొదలుపెట్టకండి. ముందు పోస్టుకార్డు సైజులో నలుపు తెలుపుల్లో నాలుగైదు వాష్ స్టడీలు వేయండి. ఒక్కోదాంట్లో గాలి దిక్కు బాణంతో గుర్తుపెట్టండి, ఓడల్ని పెన్సిల్‌తో వేరే కాగితం మీద గీయండి. అవి ఇక్కడ పెడితే తాళ్లు, చాపలు నేను సరిచూసి చెబుతాను.